పెళ్లికి పనికిరాని చెయ్యి

సూళ్లూరుపేట బస్టాండు ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన నీలం కోటు వేసుకుని, టై కట్టుకుని ఉన్నాడు. బతికున్న కాలంలో ఆయన కోటు వేసుకోగా నేను చూడలేదు. ఫ్లెక్సీలు తయారుచేసేవాళ్ల కంప్యూటర్లో ఒక కోటు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పోయినవాడు రైతైనా, పంతులైనా, తల మాత్రం తీసి ఆ కోటు మీద అతికిస్తారు. ఈయనకూ అదే తొడిగారు. కింద 'ప్రభువునందు నిద్రించారు' అన్న మాట, పక్కన కొడుకు, కోడలు, మనవడి పేర్లు ఉన్నాయి. ఆయన ఏం పని చేసి బతికాడో మాత్రం ఎక్కడా లేదు.

ఆ తల ఏ ఫొటోలోనిదో నాకు తెలుసు. బ్యాండు సెట్టు మొత్తం చర్చి ముందు వరసగా నిలబడి తీయించుకున్న ఫొటో అది. అందులో ఆయన ఎర్ర యూనిఫారంలో ఉంటాడు. భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, ఛాతీకి అడ్డంగా తెల్ల బెల్టు, ఆ బెల్టుకు వేలాడే డ్రమ్ము. ఇప్పుడు మెడ కింది భాగమంతా తీసేశారు. టోపీ కూడా తీసేసి, ఆ చోట నల్లటి జుట్టు దువ్వారు. పోయేనాటికి ఆయన తలమీద ఉన్నది పలచటి తెల్లజుట్టు.

బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడి చూశాను. అరటిపండ్ల బండి ఆమె నన్ను గమనించి, "ఆ డ్రమ్ము పెద్దాయన గదన్నా! చావుమేళం ఆయన!" అంది. తర్వాత ఫ్లెక్సీ వైపు చూసి, "కోట్లో బాగుండాడే," అంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊళ్లో పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువే. మొదట్లో డ్రమ్మాయన, వయసు మళ్లాక డ్రమ్ము పెద్దాయన. చావుమేళం అన్న మాట మధ్యలో వచ్చి చేరింది. అది ఎలా చేరిందో చెప్పడానికే ఇదంతా.

పత్రికలో పనిచేసిన రోజుల్లో నా సాయంత్రాలు రైల్వే స్టేషను దగ్గర టీకొట్టులో గడిచేవి. వార్తలు అక్కడికే వచ్చేవి. ఆయన ఇల్లు దాని వెనక వీధి. పెళ్లి లేని రోజుల్లో ఆయనా అక్కడికే వచ్చి, గోడవారగా బెంచీ చివర కూర్చునేవాడు. ఆయన చేతులు ఊరికే ఉండగా చూసినవాళ్లు లేరు. టీ గ్లాసు ఖాళీ కాగానే దాని అంచు మీద వేళ్లు ఆడేవి. గ్లాసు తీసుకుపోతే బెంచీ మీద. బెంచీ కిక్కిరిసి ఉంటే తన మోకాలి మీద. చర్చిలో ప్రార్థన సాగుతుంటే బైబిలు అట్ట మీద.

ఒక ఆదివారం చర్చి అయ్యగారు ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి అడిగాడట. "ఏందయ్యా ఆ చప్పుడు?"

"ఆమెన్ యాడొస్తుందో చూసుకుంటా ఉండానయ్యా. ముందుగా కొట్టకూడదు గదా," అన్నాడట ఈయన.

ఈ కథ నాకు చెప్పింది వాళ్ల బ్యాండు మాస్టరు. క్లారినెట్ వాయించేవాడు, సెట్టుకు యజమాని కూడా. చెప్పి కడుపు పట్టుకుని నవ్వాడు. ఈయన నవ్వలేదు. "నవ్వేదానికేముందిలే. ముందు కొట్టినా తప్పే, వెనక కొట్టినా తప్పే," అన్నాడు.

వాళ్లది ఆ రోజుల్లో ఈ తీరమంతటికీ పెద్ద సెట్టు. కోట ఊరి దగ్గర్నుంచి తడ దాకా, పొలాలు చెరువులుగా మారి రొయ్యల మీద బతికినవాళ్ల ఇళ్లలో ఎవరింట పెళ్లయినా వాళ్లే రావాలి. ట్రంపెట్ల వరస, క్లారినెట్ల వరస, పీపా అంత పెద్ద డ్రమ్ము, తాళాలు, వీటన్నిటి ముందు ఈయన సైడు డ్రమ్ము. తుమ్మచెట్టులా సన్నగా, గట్టిగా ఉండేవాడు. ఎడమ భుజం కొంచెం కిందికి వంగి ఉండేది. ఏళ్ల తరబడి బెల్టు మోసిన గుర్తు అది.

కోపిష్టి మనిషి. ఊరేగింపులో తాగి చిందులేసేవాళ్లు డ్రమ్ము మీద పడబోతే కర్రతో వేళ్ల కణుపుల మీద ఒక్కటి వేసేవాడు. ఎవడి తాలూకో చూసేవాడు కాదు. తోలు తీసేసి ప్లాస్టిక్ వేయిద్దామని మాస్టరు అంటే నెల రోజులు మాట్లాడలేదు. పులికాట్ సరస్సు వైపు నుంచి వచ్చే తేమ గాలికి తోలు వదులవుతుంది. మేళం మొదలయ్యే ముందు గుప్పెడు వరిగడ్డి అంటించి, ఆ మంట మీద డ్రమ్మును తిప్పి తిప్పి కాచి, చూపుడువేలితో మీటి వినేవాడు. అలా వింటున్నప్పుడు ఎవరు పలకరించినా తిట్టేవాడు.

ఆ డ్రమ్ముకు అడుగున తీగలు ఉంటాయి. పక్కన ఉన్న మర తిప్పితే బిగుస్తాయి. బిగిస్తే గలగలమంటుంది, అది పెళ్లికి. వదులు చేస్తే గలగల పోయి మట్టి మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు వస్తుంది, అది చావుకు. బ్యాండువాళ్లకు రెండూ బతుకుతెరువే. ఒకే వారంలో అటూ ఇటూ పోయేవాళ్లు. చావు నుంచి వచ్చాక ఆయన స్నానం కంటే ముందు ఆ మర తిప్పేవాడు.

వాళ్లకు ఇంకో కట్టుబాటు ఉండేది. పెళ్లి ఊరేగింపు పోయే దారిలో ఎవరింట్లోనైనా చావు జరిగి ఉంటే, ఆ ఇంటికి కొంత దూరంలోనే మేళం ఆగిపోవాలి. ఆ ఇల్లు దాటేదాకా నోరు మూసుకుని నడవాలి. దాటాక మళ్లీ ఎత్తుకోవాలి. ఆపే బాధ్యత ముందు నడిచే డ్రమ్ముది. ఆయన రెండు కర్రలూ తలపైకి ఎత్తి కలిపితే వెనక అంతా టక్కున ఆగేది. వేరే సెట్లవాళ్లు పెళ్లివాళ్లు చెబితే ఆపేవాళ్లు. ఈయన అలా కాదు. మధ్యాహ్నమే ఒక్కడూ ఆ దారంతా నడిచి చూసుకునేవాడు. మన వైపు చావు జరిగిన ఇంటికి గుర్తు వాకిట్లో నిప్పు. దాని చుట్టూ తలకు తువ్వాలు చుట్టుకుని, మాట లేకుండా కూర్చున్న మగవాళ్లు.

"ఏడుస్తా ఉండేవాళ్ల ముందు గంతులేసేది ఏం మర్యాద సారూ. ఆ ఇంటోళ్లు రేపు పెళ్లి చేసుకోరా? ఆ రోజు మళ్లీ మనమే గదా పోవాల," అనేవాడు. ఈ విషయం చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో కొంత గర్వం వినిపించేది.

ఆ గర్వమే ఆయన కొంప ముంచింది.

కోట దగ్గర ఒక రొయ్యల ఆసామి ఇంట్లో కొడుకు పెళ్లి. అలాంటివాళ్లు విలేకర్లను తప్పకుండా పిలిచేవాళ్లు. పిలిచినందుకు పోయి, ఊరేగింపులో వెనక నడుస్తున్నాను. పొద్దు కుంకుతోంది, సన్నగా తుంపర పడుతోంది. కరెంటు పోయింది. ఊరేగింపు లైట్లకు జనరేటరు ఉంది కాబట్టి మా చుట్టూ వెలుగు. దూరాన ఇళ్లన్నీ చీకటి.

వీధి మలుపు తిరిగాం. ముందున్న ఇంటి వాకిట్లో నిప్పు. చుట్టూ నలుగురైదుగురు మగవాళ్లు తుంపరకు తలల మీద తువ్వాళ్లు కప్పుకుని గొంతుక్కూర్చున్నారు. ఇంట్లో దీపం లేదు. గుమ్మంలో ఎవరూ లేరు.

కర్రలు పైకి లేచాయి. అంత పెద్ద సెట్టు ఒక్క దెబ్బకు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తుంది. జనరేటరు చప్పుడు తప్ప ఇంకేం లేదు. పెళ్లికొడుకు కారులోంచి తల బయటపెట్టి ఏమైందని అడుగుతున్నాడు. అప్పుడు ఆ చీకటింట్లోంచి హారతి పళ్లెం పట్టుకుని ఆడవాళ్లు బయటికొచ్చారు. వాళ్ల వెనకే పట్టుపంచె కట్టుకున్న ఒక భారీ మనిషి. అది పెళ్లికొడుకు మేనమామ ఇల్లు. ఊరేగింపును ఆపి హారతి ఇవ్వాలని ఎదురుచూస్తున్నారు. వాకిట్లో కూర్చున్నది పలకలవాళ్లు. చెక్క చట్రానికి తోలు బిగించిన ఆ పలకలు తుంపరకు మెత్తబడితే నిప్పేసుకుని కాచుకుంటున్నారు. అక్కడి నుంచి బ్యాండుకు తోడుగా వాళ్లూ కలవాలని మేనమామ ఏర్పాటు. మధ్యాహ్నం ఈయన ఆ దారి చూసుకుని పోయినప్పుడు వాళ్లింకా రాలేదు.

పలకలవాళ్లను చూసినా అది చావిల్లు కాదేమోనని ఆయన అనుమానపడడానికి లేదు. చావులకు మొదట పిలిచేది వాళ్లనే.

మేనమామ నేరుగా డ్రమ్ము దగ్గరికి వచ్చాడు. "ఏందిరా ఆపినారు? మా ఇంటి ముందరికొచ్చి ఆపినారేందిరా?"

మాస్టరు పరుగున ముందుకొచ్చి ఈయన కాలు తొక్కాడు. నేను చూశాను. ఈయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, అందరూ వినేట్టు చెప్పేశాడు.

"నిప్పు చూసినా సామీ. ఇంట్లో ఎవురో పోయినారనుకున్నా."

హారతి పళ్లెంలోంచి కర్పూరం కిందపడింది. ఎవరో ఈయన్ను చెంపమీద కొట్టారు. ఎవరో 'వదిలెయ్ వదిలెయ్, మంచి రోజున గొడవెందుకు' అన్నారు. మేళం మళ్లీ మొదలైంది, ఈయన లేకుండా. తాళాలవాడికి డ్రమ్ము తగిలించారు. అన్నాలప్పుడు బ్యాండువాళ్లను ఎప్పటిలా అందరి తర్వాత పెరట్లో కూర్చోబెట్టారు. ఆయన ఆకు ముందు కూర్చోలేదు. వ్యాను చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు.

తిరుగు దారిలో వాళ్ల వ్యానులోనే వచ్చాను. మాస్టరు దారంతా నెత్తి కొట్టుకున్నాడు.

"కర్ర జారిందని చెప్పుంటే పొయ్యేది గదయ్యా! తోలు తెగిందని చెప్పుంటే పొయ్యేది గదా!"

"యాడ జారింది? జార్లేదే."

"జార్లేదు. నాకు తెలీదా? ఊరికే చెప్పేదానికేం?"

"నా చేతిలో కర్ర జారిందని నేనే చెప్పుకోవాల్నా?" అన్నాడు ఈయన. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అంతే. ఆ ఒక్క అబద్ధం ఆయన నోటికి రాలేదు. అది నిజాయితీ అనుకుని మెచ్చుకోవడానికి లేదు. మామూలుగా ఆయన అవసరమైతే అబద్ధం ఆడేవాడు, మాస్టరుతో వారానికొకటి ఆడేవాడు. కర్ర జారిందన్న మాట మాత్రం చెప్పలేకపోయాడు. దానికంటే ఒకరింట్లో చావు ఉందని చెప్పడం తేలికైంది.

ఆ పెళ్లి పందిరి ఆకులు ఎండకముందే మేనమామ పోయాడు. ఆయనకు గుండెజబ్బు ఉందనీ, మద్రాసు ఆస్పత్రికి తిరుగుతున్నాడనీ ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. పోయిన రోజు నుంచి ఆ జబ్బు ఎవరికీ గుర్తు లేదు. గుర్తున్నది ఇంటి ముందు ఆగిన మేళం, ఆపిన మనిషి, అన్న మాట. శవయాత్రకు మళ్లీ ఈ సెట్టునే పిలిచారు. డ్రమ్మాయన్ను తీసుకురావచ్చా అని మాస్టరు భయపడుతూ అడిగితే, "తీసకరా. ఇంకేముంది పొయ్యేదానికి?" అన్నారట.

ఈయన వెళ్లాడు. తీగలు వదులుచేసి కాష్ఠం దాకా వాయించాడు.

తర్వాత పెళ్లి మాట్లాడుకునే ప్రతివాడూ మొదట అడిగే ప్రశ్న, 'ఆయనొస్తాడా?' అయింది. మాస్టరు కొన్నాళ్లు దాచాడు. తర్వాత ఒక సాయంత్రం టీకొట్టు దగ్గరే, నా ఎదురుగానే చెప్పాడు.

"నేను నమ్మను పెద్దాయనా. పిల్లల మీద ఒట్టు. పెళ్లోళ్లు ఒప్పుకోవడం లా."

"ఏమంటుండారు?"

"నువ్వొస్తే వేరే సెట్టు చూసుకుంటామంటుండారు."

"చావులోళ్లో?"

మాస్టరు నేలవైపు చూశాడు. "వాళ్లేమన్లా."

"అయితే నన్ను చావులకు కూడా పిలవబాకండి," అని ఈయన లేచిపోయాడు. వారం తిరక్కుండా ఒక చావుకు పిలుపు వచ్చింది, పోయాడు. పోక ఏం చేస్తాడు? ఇంట్లో భార్య, చదువుకునే కొడుకు. చేతికి వచ్చిన పని అదొక్కటే.

అట్లా ఆయన పెళ్లి ముఖం చూడకుండా ఏళ్లు గడిచాయి. సెట్టు పెళ్లికి బయల్దేరుతుంటే వ్యాను చుట్టూ తిరిగి, ట్రంపెట్లవాళ్ల టోపీలు సరిచేసి, పెళ్లిళ్లకని మాస్టరు కొన్న వేరే డ్రమ్ము తోలు తనే కాచి ఇచ్చి వెనక్కి వచ్చేవాడు. కొన్నాళ్లకు అదీ మానుకున్నాడు. తోలు ఆయన కాచి ఇచ్చాడని తెలిసి ఎవరో పెళ్లివాళ్లు అభ్యంతరం చెప్పారు.

ఇలాంటి మనిషిని సాధువును చేసి రాయడం నాకు చేతకాదు. ఆయన చెడ్డవాడయ్యాడు. ఊరు తనకు అంటగట్టినదాన్ని ఊరి మీదకే తిప్పడం నేర్చుకున్నాడు. టీకొట్టు బెంచీ మీద కూర్చుని, కాస్త ఉన్నవాడు ఎవరైనా ఆ దారిన పోతుంటే, వాడి వైపు తేరిపార చూస్తూ బల్ల మీద వేళ్లతో నెమ్మదిగా చావుమేళం దరువు కొట్టేవాడు.

బట్టల కొట్టు యజమాని ఒకాయన ఆగిపోయాడు. "ఏంది పెద్దాయనా, పొద్దన్నే."

"ఏం లేదులేన్నా. చెయ్యి తిమ్మిరెక్కింది."

"తిమ్మిరెక్కితే ఇంట్లో గమ్మునుండు."

"నువ్వు బాగుండావా? మొకం పీక్కుపొయ్యిందే."

ఆయన రోడ్డు దాటి అవతలి వైపుకు పోయాడు. మరునాటి నుంచి టీకొట్టు వైపు నడవడమే మానేశాడు. ఈయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. టీకొట్టతను దండం పెట్టాడు. "నా బేరం చెడగొట్టబాక సామీ. ఇంద, టీ తాగి పో."

"ఎందుకన్నా ఇదంతా?" అన్నాను.

"వాళ్లిచ్చిందే గదా సారూ. వాళ్లకే వాడుతుండా."

ఒక రోజు ఆ ఆట ఆగిపోయింది. ఆస్పత్రి నుంచి ఒక ఆటో వచ్చి టీకొట్టు దగ్గర ఆగింది. లోపల ఒక రోగి, భార్య ఒళ్లో తలపెట్టుకుని పడుకుని ఉన్నాడు. డ్రైవరు మంచినీళ్ల కోసం దిగాడు. ఈయన మాతో ఏదో మాట్లాడుతున్నాడు. వేళ్లు వాటంతట అవి బల్ల మీద ఆడుతున్నాయి. కావాలని కొట్టలేదని నేను ఎక్కడైనా చెప్పగలను. ఆ ఆడమనిషి ఆటోలోంచే ఆ చేతిని చూసింది.

"నీకు దండం పెడతా అయ్యా, ఆపు. మా ఇంటికి రాబాక," అంది.

వేళ్లు ఆగిపోయాయి. ఆ రోగిని ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారని తర్వాత తెలిసింది. ఆ వారమే పోయాడు. సెట్టును పిలిస్తే ఈయన జ్వరమని చెప్పి పోలేదు. అప్పటి నుంచి టీకొట్టుకు వచ్చినా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. టీ గ్లాసు పట్టుకోవడానికి ఒకటి బయటికి తీసి, తాగాక మళ్లీ లోపల పెట్టేవాడు. మేమెవరమూ దాని గురించి అడగలేదు.

కొడుకు పెద్దవాడయ్యాడు. శ్రీహరికోటలో ఒక కాంట్రాక్టరు దగ్గర కరెంటు పని. పెళ్లి కుదిరింది. పిల్లది దొరవారిసత్రం, తండ్రి స్కూలు టీచరు, వాళ్లూ చర్చికి పోయేవాళ్లే. కొడుక్కి డీజే పెట్టాలని ఉంది. అప్పటికి ఎక్కడ చూసినా డీజేనే. మాస్టరు సెట్టు చిక్కి చిక్కి, రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్, తాళాలు, డ్రమ్ములకు వచ్చింది.

"పెట్టెలు పెట్టుకుని ఊరేగేదానికి మనకేం కర్మరా? బ్యాండుంటుంది. నేను వాయిస్తా," అన్నాడు ఈయన.

ఇంట్లో ఒక్కరూ సరేననలేదని మాస్టరు చెప్పాడు. ఆ మాట బయటికి పొక్కింది. చర్చి అయ్యగారు ఆదివారం ప్రసంగంలో శకునాలు చూసేవాళ్లను కడిగిపారేశాడు. దేవుణ్ణి నమ్మినవాడు డ్రమ్ముకు భయపడతాడా అని అడిగాడు. పెళ్లికూతురు తండ్రి స్వయంగా వచ్చి, "మాకట్టాంటి పట్టింపుల్లేవండీ. మీ అబ్బాయి పెళ్లి, మీ ఇష్టం. వాయించుకోండి," అన్నాడు. మాస్టరు సరేనన్నాడు. ఇక అడ్డం ఎవరూ లేరు.

పెళ్లికి ముందు ఒక సాయంత్రం వాళ్లింటికి పోయాను. వాకిట్లో డ్రమ్మును బోర్లించి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తీగలు బిగించే మర తుప్పుపట్టి కదలడం లేదు. ఇన్నేళ్లూ వదులుగానే ఉంచిన తీగలు, బిగించే పనే పడని మర. కిరోసిన్లో గుడ్డ ముంచి తుడిచి, కొబ్బరినూనె చుక్కలు వేసి, పట్టుకారుతో తిప్పి చూసి, మళ్లీ తుడుస్తున్నాడు.

"తిరుగుద్దా?" అన్నాను.

"తిరక్కపోతే ఇడుస్తానా సారూ?"

ఆయన భార్య లోపల్నుంచి అంది. "అన్నా, మీరైనా అడగండి. పెళ్లి వాడిదో ఈయనదో తెలీడం లా. బట్టలు కొనేదానికి రమ్మంటే రాడు. ఈ మర ముందు కూర్చునుండాడు."

"నీకు బట్టలు. నాకిది," అన్నాడు.

మర చివరికి కిర్రుమని కొంచెం కదిలింది. ఆయన ముఖం ఆ క్షణంలో ఎలా మారిందో చెప్పడం కష్టం. ఇంకొంచెం తిప్పి, వేలితో తోలు మీద మీటాడు. గలగలమంది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

పెళ్లి సాయంత్రం నాలుగింటికి చర్చిలో జరిగింది. అక్కడి నుంచి ఊరేగింపు నాలుగు వీధులూ తిరిగి ఇంటికి చేరాలి. బంధువులు పట్టుచొక్కా తెచ్చి వేసుకోమంటే ఆయన వేసుకోలేదు. పాత ఎర్ర యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఒంటికి వదులైపోయింది. కుచ్చులు కొన్ని రాలిపోయాయి. పెళ్లి ప్రమాణాలు అవుతుండగానే ఆయన లేచి బయటికి వచ్చాడు. చర్చి మెట్ల ముందు సెట్టు వరసలో నిలబడింది. ఆయన బెల్టు తలమీంచి వేసుకుని, డ్రమ్ము తగిలించుకుని, వరసకు ముందు నిలబడ్డాడు. ఎడమ భుజం తన చోటికి వంగింది. మాస్టరు నా వైపు చూసి కన్ను గీటాడు.

పెళ్లికొడుకూ పెళ్లికూతురూ తలుపు దగ్గరికి వచ్చారు. అక్షింతల బదులు పూలు చల్లుతున్నారు. పెళ్లికూతురి చెయ్యి వదిలి, కొడుకు ఒక్కడే మెట్లు దిగి తండ్రి దగ్గరికి వచ్చాడు. నల్ల కోటులో చెమటలు కారుతున్నాయి.

"నాయనా."

"ఏందిరా? ఎత్తుకోమంటావా?"

"నువ్వు వాయించబాక నాయనా."

ఆయనకు అర్థం కాలేదు. లేక అర్థం కానట్టు ఉన్నాడు. "ఎవురన్నారు? పిల్ల తరపోళ్లా?"

"వాళ్లేమన్లా."

"అయ్యగారా?"

"ఆయనా అన్లా. ఎవురూ ఏమన్లా. నేనే అంటుండా." కొడుకు గొంతు తగ్గించాడు. "ఈ ఒక్క రోజు. మళ్లీ నువ్వేం చేసినా అడగను. ఆయమ్మికేమన్నా అయితే నేను..."

మాస్టరు క్లారినెట్ కిందికి దించాడు. తండ్రి అరుస్తాడని, కర్ర ఎత్తుతాడని నేను ఎదురుచూశాను. ఆయన్ను తెలిసినవాళ్లెవరైనా అదే అనుకుంటారు.

ఆయన కర్రలు రెండూ ఒక చేతిలోకి తీసుకున్నాడు. తల వంచి బెల్టు తీశాడు. డ్రమ్మును పక్కనున్న తాళాలవాడికి అందించి, "ఎడమ పక్క మర ముట్టుకోబాక, బిగువుండాది," అన్నాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండా తీసేసుకున్నాడు.

"సరేలే. పో. ఆయమ్మి ఎండలో నిలబడుండాది," అన్నాడు.

ఇంత తొందరగా ఒప్పుకున్నందుకు కొడుకే బిత్తరపోయాడు. తర్వాత మెట్లెక్కి వెళ్లిపోయాడు. మేళం మొదలైంది. తాళాలవాడి చెయ్యి పెళ్లికి కావలసినంత హుషారుగానే ఉంది. పిల్లలు గంతులేశారు, పూలు పడ్డాయి, పెళ్లికారు కదిలింది. తండ్రి ఎక్కడని ఎవరో అడిగినట్టున్నారు. ఇంకెవరో వస్తాడులే అన్నారు. ఊరేగింపు వీధి మలుపు తిరిగింది.

చర్చి ముందు పూలరేకులు, ఖాళీ కుర్చీలు, మేమిద్దరం మిగిలాం. ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. నాకు కోపం ఆగలేదు.

"మీ అబ్బాయి కూడానా అన్నా? చదువుకున్నాడు, రాకెట్ల దగ్గర పని చేస్తాడు. మీ చేత్తో పెంచిన పిల్లాడు."

"వాణ్ణేమనబాకండి సారూ."

"ఎట్లా అనకుండా ఉంటా? ఊళ్లోవాళ్లు అంటే అన్నారు..."

"వాణ్ణేమనబాకండి," అన్నాడు మళ్లీ. కర్రలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, రెండు చేతులూ తొడల కిందికి తోసుకున్నాడు. చాలాసేపు మేళం పోయిన దిక్కునే చూశాడు.

"బెల్టు తగిలించుకున్నా గదా," అన్నాడు చివరికి. "అప్పట్నుంచీ గుండె దడదడమంటా ఉండింది సారూ. ఆయమ్మి తలుపు కాడికొచ్చి నిలబడింది. తెల్లచీరలో ఎంత బాగుండింది! చూసినా. చూసి ఇంక చెయ్యి లేవలా. మొదటి దెబ్బ ఎట్టా కొట్టాల్రా ప్రభువా అనుకుంటా ఉండా. అంతలో వాడొచ్చినాడు." పక్కనున్న కర్రల వైపు చూశాడు. "వాడు రాకపోయుంటే నేనే చెప్పుండేవాణ్ణి. కర్ర జారతా ఉండాదిరా, నా వల్ల కాదు అని."

నేను నమ్మనివాణ్ణే. ఆయన చెయ్యి పడితే చావొస్తుందన్నది ఒట్టి మాటని ఆయనతో ఎప్పుడైనా గట్టిగా అన్నానా అంటే, ఆయన అడగలేదు, నేను అనలేదు. ఇన్నేళ్లలో ఆయన చుట్టూ ఉన్నది ఆ నమ్మకమొక్కటే. ఎదురుతిరిగి తిరిగి అలసిపోయి, ఎప్పుడో ఒక రోజు ఆయనా అందులోకే పోయి కూర్చున్నాడు.

"పదండి, ఇంటికి పోదాం. ఊరేగింపు వచ్చేలోపు మీరు వాకిట్లో ఉండాలి గదా," అన్నాను.

లేచాడు. చర్చి గేటు దాటాక ఇంటికి దగ్గర దారి బజారు వీధి. నేను అటు తిరిగాను. దూరంగా ట్రంపెట్ వినిపిస్తోంది, అవతలి మలుపు దాటి ఇటే వస్తున్నట్టుంది. ఆయన ఆగిపోయాడు. ఎర్ర యూనిఫారం గుండీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని తీసి మడతపెట్టి, చంకలో పెట్టుకున్నాడు. లోపల చిరిగిన బనీను.

"మీరిట్టే పొండి సారూ, మీకేం," అన్నాడు. "వాళ్లకు నేను ఎదురు పడకూడదు."

రైలు పట్టాల పక్కన చెత్త పోసే సందు ఒకటుంది. గోడవారగా, తల వంచుకుని, దాంట్లోంచి చుట్టుతిరిగి కొడుకు పెళ్లింటికి పోయాడు.